మ్యూజ్‌స్కోర్‌లో యుకులేలే ట్యాబ్: స్వరం సరే, తీగ మనమే చూసుకోవాలి

హన్మకొండ, వరంగల్ వైపు పిల్లలకు యుకులేలే (నాలుగు తీగల చిన్న గిటార్ లాంటి వాయిద్యం) పాఠాలు రాసిచ్చేవాళ్లకు మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్ మంచి ఆసరా. పైసా ఖర్చు లేదు. ఐదు గీతల మీద రాసిన పాటను కాపీ చేసి ట్యాబ్ స్టాఫ్‌లో, అంటే తీగకో గీత ఉండే లిపిలో అతికిస్తే నాలుగు గీతల మీద ఫ్రెట్ (మెట్టు) అంకెలు వచ్చేస్తాయి, ఖాళీ తీగకు 0. చిక్కల్లా ఏ తీగ మీద వస్తాయన్న దగ్గరే.

యుకులేలే తీగలు వరుసగా జి, సి, ఇ, ఎ. మామూలు శ్రుతిలో జి తీగ సి, ఇ రెండింటికన్నా పైస్థాయిలో మోగుతుంది. అన్నిట్లోకీ కింద ఉండేది సి. సాఫ్ట్‌వేర్ ఎ తీగ దగ్గర మొదలుపెట్టి, స్వరం దొరికిన మొదటి తీగ మీదే అంకె వేస్తుంది. అందుకే సి షడ్జమమైతే పంచమం ఇ తీగ మూడో ఫ్రెట్‌కు పోతుంది, ఖాళీ జి తీగ మీద అదే స్వరం ఉన్నా దానికి పట్టదు.

మాయామాళవగౌళ రాగంలో నేర్పే తొలి పాఠాలైన సరళీ వరుసలకు ఇది బాగా కుదురుతుంది. ఆరోహణ సి తీగ మీద 0, 1. ఇ మీద 0, 1, 3, 4. ఎ మీద 2, 3. చెయ్యి జరపనక్కర్లేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం దగ్గరికొస్తే మాత్రం ఈ అమరిక పనికిరాదు. మధ్యమం నుంచి గాంధారానికి జారు వేయాలంటే ఇ తీగ మీద 1 నుంచి 0కి జారేదేముంది? ఖాళీ తీగ మీద కంపితం (స్వరాన్ని ఊపడం) కూడా పలకదు. ఆ రెండు స్వరాలనూ సి తీగ మీద 5, 4కి తేవాలి. అంకెను ఎంచుకుని కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కితే స్వరం మారకుండా పక్క తీగకు దిగుతుంది. కంట్రోల్ లేకుండా బాణం నొక్కితే స్వరమే మారిపోతుంది, జాగ్రత్త.

కార్డులను (ఒకేసారి మోగించే స్వరాల గుంపులను) అస్సలు అతికించకండి. సి మేజర్ కార్డును చేత్తో పట్టేటప్పుడు జి, సి, ఇ, ఎ తీగల మీద వరుసగా 0003. పై స్వరం నుంచి తీగలు పంచుకుంటూ వస్తే ఎ మీద 3, ఇ మీద 3, సి మీద 4 పోయాక, కింది సి స్వరానికి జి తీగే మిగులుతుంది. దాని మీద ఆ స్వరమే లేదు. ట్యాబ్‌లోనే ఎన్ మీట నొక్కి, బాణాలతో తీగ ఎంచుకుని, ఫ్రెట్ అంకెలు నేరుగా కొట్టండి. అక్కడ వట్టి అంకె ఫ్రెట్‌ది కాబట్టి స్వరం నిడివి మార్చడానికి షిఫ్ట్‌తో కలిపి కొట్టాలి.

బతుకమ్మ పాటలు రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఆడవాళ్లు పాడే శ్రుతిలోనే రాస్తే వరుస చాలాసార్లు మధ్య సి (ఖాళీ సి తీగ స్వరం) కిందికి దిగుతుంది, అక్కడ తీగే ఉండదు. ముందు టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్‌తో శ్రుతి పెంచి, తర్వాతే ట్యాబ్‌లో అతికించండి. కింది జి తీగ వేసుకున్నవాళ్లు స్టాఫ్ ప్రాపర్టీస్‌లో స్ట్రింగ్ డేటా తెరిచి, స్వరాలు రాయకముందే ఆ తీగను ఒక స్థాయి దించాలి.

జిరాక్స్ షాపుకు పంపేముందు స్టాఫ్ రకం చూసుకోండి. సింపుల్ ట్యాబ్‌లో లయ గుర్తులు రావు, కామన్‌లో వస్తాయి. పాట తెలియని పిల్లలకు కామనే ఇవ్వాలి.