చదువు అందని పిల్లల్ని ముందే పట్టుకోవాలంటే: హాజరా, మిడ్ మార్కులా, స్లిప్ టెస్టా?

తిరుపతిలో డిగ్రీ ఫస్టియర్ సైన్స్ చదివేవాళ్లలో ఎవరికి పాఠం అందడం లేదో తెలుసుకోవాలంటే మామూలుగా చూసేది హాజరు, మిడ్ మార్కులు. నేనైతే స్లిప్ టెస్టే మేలంటాను.

మిడ్ సంగతి తొందరగా తేల్చేస్తా. పేపర్లు దిద్ది మార్కులు చేతికొచ్చేసరికి సెమిస్టర్ సగం గడిచిపోయుంటుంది, ఇంక ఆ పిల్లాణ్ణి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి లాక్కురావాలి?

హాజరు రోజూ కళ్లముందే ఉంటుంది, అది దాని గొప్ప. వారం వరసగా రాకపోతే వెంటనే ఫోన్ చేయొచ్చు, ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చుంటుంది. కానీ పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో రోజూ బస్సులో వచ్చే అమ్మాయికి ఫస్ట్ అవర్ తరచూ పోతుంది, అయినా బాగానే చదువుతుండొచ్చు. హాస్టల్లో ఉండి ఒక్క క్లాసూ వదలకుండా బోర్డు మీదున్నదంతా నోట్సులోకి ఎక్కించేవాడికి ఏం అర్థమైందో రిజిస్టర్ చెప్పదు.

స్లిప్ టెస్టంటే వారానికోసారి, పది నిమిషాలు, ఒక్క లెక్క. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 మి.లీ. ద్రావణం చేస్తే మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఉన్న మోల్‌ల సంఖ్య, ఎంత? జవాబు 0.4. ఒకరు 4ని ఒక మోల్ బరువు 40 గ్రాములతో భాగించి 0.1 మోల్ దాకా సరిగ్గా వచ్చి 250తో భాగించేస్తారు, లీటర్లలోకి మార్చడం మర్చిపోయారంతే, అక్కడికక్కడే దిద్దొచ్చు. ఇంకొకరు నేరుగా 4ని 250తో భాగిస్తారు, వాళ్లకి మోల్ అంటే ఏంటో మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. మూడోవాళ్లు తెల్ల కాగితం ఇస్తారు. పిలిచి అదే ప్రశ్న తెలుగులో అడిగితే టకటకా చెప్పేవాళ్లూ వీళ్లలో ఉంటారు, ఇంటర్ దాకా తెలుగు మీడియం మరి. మార్కులేస్తే ముగ్గురికీ సున్నాయే!

మొదటి వారంలోనే పెట్టే పరీక్షలూ ఉన్నాయి. ఫిజిక్స్‌లో 1992లో వచ్చిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ, అంటే బలం, చలనం ఎంత అర్థమయ్యాయో చూసే పరీక్ష, అలాంటిదే, ఇప్పుడు వాడేదాంట్లో 30 ప్రశ్నలు. ఎవరు ఎంత పునాదితో వచ్చారో చెబుతుంది గానీ, తర్వాత నవంబరులో జారిపోయేవాళ్లని పట్టుకోలేదు.

అరవై కాగితాలు ఎవరు దిద్దుతారంటారా, మార్కులు వేయకండి, పైన చెప్పిన ముగ్గురి లెక్కన మూడు కుప్పలు చేస్తే చాలు. ఇంటర్నల్స్‌లో కలపకపోతే కాపీ కొట్టాల్సిన అవసరమూ ఉండదు. వరసగా రెండుసార్లు చివరి కుప్పలో పడ్డవాళ్లని, క్లాసులో పేర్లు చదవకుండా, విడిగా పిలిచి ఏ లైను దగ్గర ఆగిపోయావమ్మా అని అడగండి.