గారోన్ కాలువ గట్టు దారి: సన్నటి టైర్లకు ఎంతవరకు నప్పుతుంది?

కార్లు ఉండకూడదు, ఎత్తులు ఎక్కకూడదు, రోడ్డు సైకిలుకు తగ్గట్టు తారు ఉండాలి. ఈ మూడూ కలిసి దాదాపు రెండు వందల కిలోమీటర్ల పాటు దొరకడం ఫ్రాన్సులోనూ అరుదే. నైరుతి ఫ్రాన్సులోని గారోన్ కాలువ గట్టు ఆ అరుదైన వాటిలో ఒకటి. కాస్తె-ఆన్-దోర్త్ దగ్గర మొదలై తులూజ్ దాకా 193 కిలోమీటర్లు, 53 లాకులు (పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల తొట్లు), మొత్తం మీద ఎత్తు తేడా దాదాపు 128 మీటర్లు. ఒకప్పుడు పడవలను లాగే గుర్రాలు నడిచిన బాటకే ఇప్పుడు తారు వేశారు. రోయాన్ నుంచి సెత్ వరకు సుమారు 750 కిలోమీటర్లు సాగే వి80 సైకిల్ దారిలో ఇది నడిమి ముక్క. టికెట్ లేదు, గేటు లేదు. హాయిగా రోజంతా తొక్కాలనుకునేవారికి ఐదుకు నాలుగున్నర మార్కులు వేయొచ్చు. గంటకు ముప్ఫై కిలోమీటర్ల మీద పోవాలనుకునేవారికి మాత్రం రెండే.

ఆ తేడాకు ముఖ్య కారణం చెట్ల వేళ్ళు. గట్టు వెంట వరుసగా ఉన్న ప్లేన్ చెట్ల వేళ్ళు లావెక్కేకొద్దీ తారును కింది నుంచి పైకి తోస్తాయి. బొడిపెలు దారికి అడ్డంగా లేస్తాయి, అదీ చెట్ల వరుస దగ్గరున్న అంచున ఎక్కువ. వాటిని ముందే చూసి తప్పించుకోవడం కష్టం. ఆకుల సందుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడే ఎండలో బొడిపె ఏదో నీడ ఏదో తెలియదు. శరదృతువులో రాలిన ఆకులు వాటిని పూర్తిగా కప్పేస్తాయి, పైగా తడిసిన ఆకుల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. దారి మధ్యకు కాస్త ఎడంగా, చెట్లకు దూరంగా ఉండే గీత పట్టుకుంటే సగం బాధ తప్పుతుంది.

అందుకే టైరు వెడల్పు 28 మి.మీ.కి తగ్గకపోవడం మంచిది, ఫ్రేములో చోటుంటే 32 ఇంకా మేలు. డెబ్బై కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో ఐదు బార్ల (బార్ గాలి పీడనపు కొలత) చుట్టుపక్కల, 32లో నాలుగు బార్ల చుట్టుపక్కల గాలి సరిపోతుంది. ముందు చక్రానికి ఇంకొంచెం తక్కువ పెట్టుకోవచ్చు. గాలి మరీ తగ్గిస్తే బొడిపె తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ తారుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. మరీ పెంచితే మణికట్లు రెండో రోజుకే మొరాయిస్తాయి. బయలుదేరే ముందు సీసా పట్టీ బోల్టులు, వెనక సంచి కొక్కేలు బిగించుకోండి. ఈ దారిలో నీళ్ళ సీసాలు ఎగిరి పడేది బొడిపెల దగ్గరే, పడ్డ సీసా దొర్లేది కాలువలోకే.

చదును అన్న మాటలో ఇంకో మెలిక ఉంది. దిగువ వాలు లేదు కాబట్టి పెడల్ ఆపి సేద తీరే క్షణమూ లేదు. కూర్చున్న చోటే కూర్చుని, చేతులు పెట్టిన చోటే పెట్టి గంటల తరబడి తిప్పుతుంటే అరచేతుల్లో తిమ్మిరి, సీటు ఎముకల దగ్గర నొప్పి మొదలవుతాయి. మందు తేలికే: ప్రతి లాకు దగ్గరా పెడళ్ళ మీద లేచి నిలబడాలి. లాకు వచ్చిన చోటల్లా దారి రెండు మూడు మీటర్లు ఎక్కుతుంది. ఎదురుగా పొట్టి వాలు కనిపించగానే ఒక గేరు తగ్గించి నిలబడి ఎక్కితే ఒంటికి ఆ కాస్త మార్పు దొరుకుతుంది. తులూజ్ వైపు వెళ్ళేటప్పుడు ఈ వాలులన్నీ ఎక్కుళ్ళే, అయినా 50/34 పళ్ళ క్రాంక్ (పెడళ్ళ దగ్గర 50, 34 పళ్ళున్న రెండు పళ్ళేలు) ఉంటే చిన్న పళ్ళెం అవసరం రాదు.

దిశను నిర్ణయించాల్సింది గాలి. మామూలు రోజుల్లో పడమటి గాలి తులూజ్ వైపు నెడుతుంది, అందుకే పడమటి కొసకు దగ్గరి నగరమైన బోర్దో వైపు నుంచి మొదలుపెట్టమని సలహా. ఓతాన్ అనే ఆగ్నేయపు గాలి లేస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. తులూజ్ చుట్టుపక్కల అది రోజుల తరబడి వీస్తుంది. ముందు రోజు వాతావరణ సూచనలో ఆ పేరు కనిపిస్తే రైలు టికెట్ అవతలి కొసకు కొనుక్కోవడం తెలివైన పని.

బోర్దో నుంచి వచ్చేవారు సాధారణంగా రోజే లపెబీ దారి పట్టుకుంటారు. 1937 టూర్ ద ఫ్రాన్స్ విజేత పేరు పెట్టిన ఈ పాత రైలు కట్ట లాత్రెన్ నుంచి క్రెయోన్ మీదుగా సోవెతేర్-ద-గియెన్ చేరుతుంది. తారు బాగుంటుంది, కార్లు ఉండవు, కానీ క్రెయోన్ దాకా కంటికి తెలియని ఎక్కుడు ఒకటి కాళ్ళను పీల్చేస్తుంది. సోవెతేర్ తర్వాత కాలువ చేరేదాకా ద్రాక్షతోటల గుట్టల మధ్య మామూలు రోడ్లే. చదును మాత్రమే కావాలనుకుంటే ఆ భాగం వదిలేసి లాంగోన్‌లోనో లా రియోల్‌లోనో రైలు దిగి కాలువ గట్టెక్కేయండి.

కాలువ మొదలయ్యాక అజాన్ వరకు దాదాపు 85 కిలోమీటర్లు. దారి మొత్తంలో అతి ప్రశాంతమైన భాగం ఇదే, కాస్త విసుగు పుట్టించేదీ ఇదే. ల్ మాస్ దజెనే దగ్గర ఒడ్డు దిగి ఊళ్ళోకి ఎక్కితే చర్చిలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1631లో గీసిన క్రీస్తు సిలువ చిత్రం ఉంది. ఊరు గుట్ట మీద ఉంటుంది కాబట్టి ఎక్కుడు నిటారే, అయినా మానుకోవద్దు. అజాన్ ముంగిట వరసగా నాలుగు లాకులు, వెంటనే 23 కమానుల అక్విడక్టు, అంటే కాలువనే మోసే వంతెన. 539 మీటర్ల పొడవున గారోన్ నది మీదుగా కాలువ పోతుంది, పక్కన బాట ఇరుకు. నడిచేవాళ్ళు ఉంటే దిగి నడిపించుకోవడమే మర్యాద.

అజాన్ నుంచి మ్వాసాక్‌కు 43 కిలోమీటర్లు. గోల్ఫెష్ అణు విద్యుత్ కేంద్రం శీతలీకరణ గోపురాలు రెండూ చాలాసేపు కంటపడుతూనే ఉంటాయి. వాటిని చూస్తూ తొక్కడం నచ్చని వాళ్ళు లేకపోలేదు. రాత్రి బసకు మ్వాసాక్‌ను మించిన ఊరు ఈ దారిలో లేదు: మఠం, చుట్టుపక్కల షాస్లా ద్రాక్ష, కాలువ పక్కనే రైలు స్టేషను. ఆపైన మోంతెష్ దగ్గర 1974లో కట్టిన నీటి వాలు చూడండి. పడవను అది తేలే నీటితో సహా వాలు మీద పైకి తోసి ఐదు లాకులను దాటించే యంత్రం అది, 2009 నుంచి పనిచేయడం లేదు. మోంతెష్ నుంచి మోంతోబాన్‌కు ఒక చిన్న పాయ విడిపోతుంది. చివరి నలభై కిలోమీటర్లలో రైలు పట్టాలు పక్కనే నడుస్తాయి, తులూజ్ దగ్గర గోదాములు, పగిలిన సీసాల గాజు. ఈ ముక్కకు మార్కులు తగ్గించక తప్పదు.

అడ్డంకులు ఇంకొన్ని ఉన్నాయి. పాత వంతెనల కింద దారి కుంచించుకుపోయి మలుపు తిరుగుతుంది, అవతల ఎవరున్నారో కనిపించదు. గంట కొట్టి నెమ్మదించాలి. ఫ్రాన్సులో సైకిలుకు గంట చట్టరీత్యా తప్పనిసరి కూడా. చేపలు పట్టేవారి పొడవాటి గడలు దారికి అడ్డంగా వెనక్కి జరుగుతుంటాయి. పాదచారులకూ ఇదే దారి. లాకు సిబ్బంది వాహనం అప్పుడప్పుడూ ఎదురవుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తొక్కితే 135 యూరోల జరిమానా. రాత్రివేళ ఊరి బయట వెలుగును ప్రతిఫలించే కోటు, ముందూ వెనకా దీపాలు ఉండాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి.

తిండి విషయంలో గడియారం చూసుకోవాలి. పల్లె దుకాణాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం ఏదీ తెరిచి ఉండదు, సోమవారం చాలా బేకరీలకు సెలవు. నీళ్ళు అయిపోతే దగ్గరి ఊరి శ్మశానవాటిక దగ్గర కుళాయి వెతకండి, తాగడానికి పనికిరాదన్న బోర్డు లేకపోతే చాలు. సైకిలు దుకాణాలు మార్మాంద్, అజాన్, మోంతోబాన్, తులూజ్‌లో నమ్మదగ్గవి. మధ్యలో ఎవరినీ నమ్ముకోవద్దు. రెండు ట్యూబులు, అతుకు ముక్కలు, పంపు, గొలుసు కలిపే లింకు, గేరు వేలాడే హ్యాంగర్ ఒకటి దగ్గరుంచుకోవాలి. బసకు అక్వేయ్ వెలో (సైకిలు ప్రయాణికులకు అనువైన చోట్లకు ఇచ్చే) ముద్ర ఉన్న చోట్లను ఎంచుకుంటే తాళం వేసే గది, మరమ్మతు పనిముట్లు ఉంటాయి.

ప్రాంతీయ టీఈఆర్ రైళ్ళలో సాధారణంగా సైకిలుకు డబ్బు తీసుకోరు కానీ చోటు కొద్దే, వేసవి ఉదయాల్లో అదీ నిండిపోతుంది. బోర్దో-తులూజ్ మధ్య ఆగే ఇంటర్‌సిటే అనే దూరప్రాంత రైళ్ళలో ముందుగా బుక్ చేసుకోవాలి, 10 యూరోలు. మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. ఏప్రిల్ చివర ప్లేన్ చెట్ల నూగు కళ్ళలో, గొంతులో దురద పెడుతుంది, కళ్ళద్దాలు మరవకండి.

తులూజ్ దాటాక దక్షిణ కాలువ మొదలవుతుంది. దాని ఖ్యాతి గారోన్ కంటే ఎక్కువ, ప్రపంచ వారసత్వ హోదా కూడా ఉంది, తారు మాత్రం పోర్ లొరాగే అవతల నిలవదు. ఆ తర్వాత చాలాచోట్ల మట్టి, వేళ్ళు, సన్నటి కాలిబాటలు. లావు టైర్లు లేనివారు తారు ఉన్నంత మేర తిరిగి, విల్‌ఫ్రాన్ష్-ద-లొరాగే స్టేషన్లో తులూజ్ రైలెక్కడం మేలు.