ఉక్కపోతలో ఐదేళ్లు తొడిగిన మెష్ జాకెట్టు: ఒక రైడర్ సమీక్ష

రొయ్యల చెరువుల నీటి పరీక్షల కోసం కావలి నుంచి అల్లూరు, తుమ్మలపెంట, రామాయపట్నం, ఉలవపాడు వైపు తిరగడం నా ఉద్యోగం. ఆదివారం మినహా రోజుకు సుమారు 60 కిలోమీటర్లు మోటారు సైకిలు మీదే ప్రయాణిస్తాను. 2020 జనవరిలో కొన్న మెష్ జాకెట్టును (గాలి ఆడేలా జల్లెడలాంటి వల గుడ్డతో కుట్టిన రైడింగ్ జాకెట్టును) ఐదు వేసవులు, దాదాపు 80 వేల కిలోమీటర్లు తొడిగిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అయితే అంతకుముందు ఏడాది కొన్న మరో జాకెట్టు సంగతి చెప్పకపోతే దీని విలువ అర్థం కాదు.

ఆ మొదటి జాకెట్టును, లోపల గాలి ఆడుతుందన్న ఆలోచనతో, నా కొలత కంటే ఒక సైజు పెద్దది తీసుకున్నాను. ఆ నవంబరులో ఒక తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి ముగించుకుని వెళ్లిన లారీ నుంచి కారిన ఐసు నీళ్లు సర్వీసు రోడ్డు మలుపులో తారు మీద జిడ్డుగా పరుచుకుని ఉండగా, బండి జారి ఎడమ పక్కకు పడ్డాను. జాకెట్టు చిరగలేదు. కానీ రోడ్డు మీద ఈడ్చుకుపోయేటప్పుడు వదులుగా ఉన్న చేతి గుడ్డ మెలి తిరిగి, దెబ్బ తగలకుండా మోచేతి దగ్గర అమర్చే ప్యాడ్ ముంజేతి లోపలి వైపుకు వెళ్లిపోయింది. ఎముక మీద మిగిలినది ఒక్క పొర గుడ్డ మాత్రమే. మోచేయి రూపాయి బిళ్లంత మేర దోక్కుపోయి, చొక్కా దారాలు పుండులో అంటుకున్నాయి. డ్రెస్సింగ్ చేసిన నర్సు వాటిని ఒక్కొక్కటిగా తీస్తుంటే, ప్యాడ్ ఉండి కూడా ఈ దెబ్బ ఎలా తగిలిందన్నదే నా ఆలోచన.

ఆ తరువాత ప్యాడ్లకు సంబంధించిన ప్రమాణాలను శ్రద్ధగా చదివాను. చేతులు, భుజాలు, మోకాళ్ల ప్యాడ్లకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 1621-1. దాని ప్రకారం పరీక్షలో దెబ్బ వేసినప్పుడు ప్యాడ్ గుండా అవతలికి చేరే సగటు బలం లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లకు (కిలోన్యూటన్ అంటే బలాన్ని కొలిచే కొలమానం), అంతకంటే మెరుగైన లెవెల్ 2లో 20 కిలోన్యూటన్లకు మించకూడదు. వీపు ప్యాడ్‌కు ఈఎన్ 1621-2 అనే వేరే ప్రమాణం ఉంది. అందులో ఈ హద్దులు 18, 9 కిలోన్యూటన్లు. మన ప్రాంతం వారు తప్పక చూడవలసిన గుర్తు మరొకటి ఉంది. మెత్తగా వంగే ప్యాడ్ల పదార్థం ఎండకు మరింత మెత్తబడుతుంది కనుక, 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించి నెగ్గిన ప్యాడ్ మీద టీ ప్లస్ (T+) అని ముద్రిస్తారు. ఈ పరీక్ష తప్పనిసరి కాదు కాబట్టి అన్ని ప్యాడ్ల మీదా ఆ గుర్తు ఉండదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంటిగంటకు చెరువు గట్టు మీద నిలబెట్టిన బండి సీటును చేత్తో తాకి చూసినవారికి ఆ గుర్తు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

మొత్తం జాకెట్టుకు ఈఎన్ 17092 ప్రమాణంలో, ఇచ్చే రక్షణను బట్టి పై నుంచి కిందికి ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, ఏ వంటి తరగతులు ఉన్నాయి. మెష్ జాకెట్టు ట్రిపుల్ ఏ స్థాయిని అందుకోవడం అరుదు. అయినా నేను మెష్‌నే ఎంచుకున్నాను, ఎందుకంటే దళసరి జాకెట్టు కొని మే నెలలో దాన్ని కొక్కేనికి తగిలించి తిరగడం కంటే, రోజూ ఒంటి మీద నిలిచే జాకెట్టే మేలని నా నిశ్చితాభిప్రాయం. 2020లో కొన్న ఆ జాకెట్టు దేశంలోనే తయారైనది. అప్పట్లో 7,500 రూపాయలు పడింది. ఈసారి సరిగ్గా నా కొలతకు తీసుకుని, ముంజేతి పట్టీలను బిగించి, మోచేయి వంచి ప్యాడ్‌ను పట్టుకుని తిప్పి చూశాను. అది అంగుళం కూడా కదలలేదు. దుకాణంలో అద్దం ముందు నిలబడి చూస్తే ఈ సంగతి తెలియదు. బండి మీద కూర్చుని, చేతులు హ్యాండిల్ మీద పెట్టి, నడుము వెనక గుడ్డ పైకి లేస్తోందో లేదో కూడా చూడాలి.

2022 అక్టోబరులో ఉలవపాడు దగ్గర గేదె దూడ ఒకటి హఠాత్తుగా అడ్డు రావడంతో మళ్లీ అదే ఎడమ పక్కకు పడి, పది పదిహేను అడుగులు జారాను. చేతి మీద మెష్ రెండు చోట్ల కరిగి గట్టిపడింది, మోచేయికి మాత్రం గీత కూడా పడలేదు. అయితే ఆనాడు మామూలు జీన్స్ ప్యాంటు మీద ఉన్నందున మోకాలి చిప్ప పక్కన ఆరు కుట్లు పడ్డాయి. ప్యాంటు మీద కట్టుకునే మోకాలి ప్యాడ్లు అప్పటికి 2 వేల రూపాయల లోపే దొరికేవి; వాటిని ముందే కొననందుకు ఇప్పటికీ బాధ పడుతూనే ఉన్నాను.

వేడి విషయంలో ఈ జాకెట్టు ప్రవర్తన అన్నిచోట్లా ఒకేలా లేదు. వింజమూరు, ఉదయగిరి వైపు పొడి గాలి కనుక, లోపల నూలు బనియను తడిపి వేసుకుంటే తడి ఆరుతూ ఇరవై నిమిషాల పాటు ఒళ్లు చల్లగా ఉంటుంది. అదే తుమ్మలపెంట దారిలో సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల తడి ఆరదు, బనియను వీపుకు అంటుకుపోతుంది. బండి ఆగిన ప్రతిచోటా జిప్పు తీయక తప్పదు. ఈశాన్య రుతుపవనాల వానల్లో లోపలి రెయిన్ లైనర్ (నీరు చొరని లోపలి పొర) నాకు అక్కరకు రాలేదు. ఒంటికి తడి తగలకపోయినా జాకెట్టు మొత్తం నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, జేబులోని కాగితాలు నానిపోతాయి. పైన తొడిగే వదులు రెయిన్‌కోటు ఎంతో మేలు.

లోపాలలో పెద్దది జిప్పు. ఉప్పు గాలికి రెండో ఏటికే జిప్పు పిడికి తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. కావలిలో దర్జీ చేత ప్లాస్టిక్ పళ్ల జిప్పు వేయించాను. చెమట ఉప్పు నల్ల మెష్ మీద తెల్ల చారలుగా పేరుకుంటుంది కాబట్టి పదిహేను రోజులకొకసారి ప్యాడ్లు తీసి, జాకెట్టును తేలిక సబ్బు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరవేస్తున్నాను.

చేతి తొడుగుల గురించి క్లుప్తంగా చెబుతాను. పడేటప్పుడు ముందుగా నేలను తాకేది అరచేయి కనుక అక్కడ గట్టి స్లైడరు (నేల మీద జారిపోయే గట్టి బిళ్ల), మణికట్టు వద్ద ఊడిరాని పట్టీ ఉండాలి. నా తొడుగుల్లో మేకతోలుతో చేసిన అరచేతి భాగం చెమటకు ఏడాదిన్నరలో అట్టలా బిగుసుకుంది. మూడో జత వాడుతున్నాను.

హెల్మెట్టు వీటన్నిటికంటే ముందు కొనవలసినది. 2021 జూన్ 1 నుంచి భారతీయ హెల్మెట్టు ప్రమాణమైన ఐఎస్ 4151కి తగిన ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్టు అమ్మకూడదు. అయినా జాతీయ రహదారి పక్కన దొంగ ముద్రలతో అమ్మేవి కనిపిస్తూనే ఉన్నాయి. గుర్తుతో పాటు ఉండే సీఎం/ఎల్ సంఖ్యను (తయారీదారు లైసెన్సు సంఖ్యను) భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు వివరాలు తెలుస్తాయి. 2022లో పడినప్పుడు నా హెల్మెట్టు పక్కకు తగిలి చిన్న గీత మాత్రమే పడింది. లోపలి థర్మాకోల్ పొర ఒకసారి అణిగితే మళ్లీ ఉబ్బదు, ఆ అణుగు పైకి కనబడదు కూడా. అందుకే ఎవరికీ ఇవ్వకుండా పట్టీ కోసి పారవేశాను.

ఇప్పుడు జాకెట్టు భుజం కుట్టు వదులవుతోంది, ఎడమ చేతి మెష్ పలచబడింది. మొన్న నెల్లూరులో కొత్తది చూడడానికి వెళ్లి, దుకాణదారుని అనుమతితో బయట నిలిపిన నా బండి మీదే కూర్చుని మూడు సైజులు తొడిగి చూశాను. రెండోది భుజాల దగ్గర చక్కగా ఉన్నా మోచేయి వంచగానే ప్యాడ్ రెండు వేళ్ల మేర జారింది. మూడోది, కాస్త బిగుతుగా ఉన్నదే, తీసుకున్నాను.