రేడాన్: చెప్పమనే చట్టం మేలా, పరీక్ష చేయించమనే చట్టం మేలా?

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్ళు స్కూళ్ళు చూస్తారు, వాస్తు చూస్తారు, ఆఫీసు ఎంత దూరమో చూస్తారు. బేస్‌మెంట్ గాలిలో ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. రేడాన్ అన్న మాటే చాలామంది అక్కడికి వెళ్ళాక మొదటిసారి వింటారు.

నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే వాయువు ఇది. రంగు లేదు, వాసన లేదు. పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి చేరుతుంది. దీనివల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో అమెరికాలో ఏటా 21,000 మంది చనిపోతున్నారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు తను పనిచేసే అణు విద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే రేడియేషన్ అలారం మోగింది. కారణం కోసం వెతికితే అతని ఇంట్లోనే లీటరు గాలికి 2,700 పికోక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాకా రేడాన్ తేలింది. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే సరిచేయించుకోమంటుంది ఈపీఏ.

అయినా ఇల్లు అమ్మే ముందు పరీక్ష చేయించి తీరాలనే ఫెడరల్ చట్టం లేదు. ఎక్కడి నిబంధన అక్కడిదే.

ఫ్లోరిడాలో ఒప్పంద పత్రాల్లో ఒక పేరా ఉండాలి: రేడాన్ అనేదొకటుంది, ఎక్కువైతే ఆరోగ్యానికి ముప్పు, రాష్ట్రంలో కొన్ని భవనాల్లో పరిమితికి మించి కనబడింది అని. మీరు కొంటున్న ఇంటి సంగతి అందులో ఉండదు. సంతకాల హడావిడిలో ఆ పేరా చదివేదెవరు?

ఇల్లినాయ్ చట్టం ఇంతకంటే చాలా నయం. 2008 నుంచి అమలులో ఉంది. అమ్మేవాళ్ళు రేడాన్ కరపత్రం, దానితోపాటు ఒక ఫారం ఇవ్వాలి. ఎక్కువ రేడాన్ ఉన్నట్టు తెలిస్తే అందులో చెప్పాలి, రిపోర్టులుంటే చేతికివ్వాలి. కొనేవాళ్ళు ఆఫర్ పెట్టాక ఈ కాగితాలు వస్తే, అవి చూసుకుని ఆఫర్ మార్చుకునే వీలు కూడా ఇవ్వాలి. ఇవన్నీ మంచివే. కానీ పరీక్ష చేయించాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళకు లేదని అదే చట్టం తేల్చి చెబుతోంది. ఎన్నడూ పరీక్ష చేయించనివాళ్ళు ‘నాకు తెలియదు’ అన్న గడిలో నిజాయితీగానే టిక్కు పెట్టొచ్చు. బాధ్యతగా పరీక్ష చేయించినవాళ్ళు మాత్రం వచ్చిన అంకె బయటపెట్టి బేరంలో తగ్గాలి. తెలుసుకోకపోవడమే లాభమయ్యే ఏర్పాటు ఇది. నాకు నచ్చనిది ఇదే.

మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ ఈ సందును మూసేసింది. 2016 అక్టోబరు నుంచి అక్కడ ఒక కుటుంబం ఉండే ఇల్లు అమ్మాలంటే రేడాన్ పరీక్ష జరగాల్సిందే, అదీ సెటిల్‌మెంట్‌కు, అంటే ఇల్లు చేతులు మారే రోజుకు, ముందు ఏడాదిలోపు. అమ్మేవాళ్ళన్నా చేయించాలి, కొనేవాళ్ళన్నా చేయించుకోవాలి. ఫలితం ఇద్దరి చేతిలో ఉంటుంది. కాండోలకు, అంటే అపార్ట్‌మెంట్ ఫ్లాట్ల లాంటివాటికి, ఇది వర్తించదు. అంకె ఎక్కువ వస్తే బాగుచేయించి తీరాలని కూడా లేదు, అది బేరంలో తేల్చుకోవాల్సిందే.

నా ఓటు మాంట్‌గోమరీకే. ఆ ఇంటి అంకె లేని కాగితం ఎంత పెద్దదైనా ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు. అయితే పరీక్ష కొనేవాళ్ళే చేయించుకోవడం మంచిది. కొద్ది రోజుల్లో ముగిసే పరీక్ష కూడా కనీసం 48 గంటలు సాగాలి. దానికి 12 గంటల ముందు నుంచే కిటికీలన్నీ మూసి ఉంచాలి. అమ్మేవాళ్ళు ఒక్క బేస్‌మెంట్ కిటికీ ఓరగా తెరిచినా అంకె మారిపోతుంది. గంటగంటకూ రికార్డు చేసే యంత్రం పెట్టిస్తే మధ్యలో అంకె ఉన్నట్టుండి పడిపోవడం రిపోర్టులో తెలిసిపోతుంది. రేడాన్‌ను పీల్చుకునే బొగ్గు ఉన్న పరీక్ష డబ్బా అయితే మొత్తం మీద ఒక్క సగటే ఇస్తుంది.

చట్టం లేని చోట ఆఫర్‌లోనే రేడాన్ షరతు రాయించండి. పోటీ ఎక్కువగా ఉంది, షరతులన్నీ వదిలేయమని ఏజెంటు తొందరపెట్టినా దీన్ని వదలొద్దు. 4 దాటితే భయపడి ఇల్లు వదులుకోనక్కర్లేదు. కాంక్రీటు కింద నుంచి పైపు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి పంపేస్తారు. ఆ ఖర్చు అమ్మేవాళ్ళను పెట్టుకోమనండి, లేదా ధరలో తగ్గించమనండి. ఇంట్లో ముందే అలాంటి పైపు ఉంటే, దాని మీద రంగు ద్రవమున్న యు ఆకారపు గొట్టం చూడండి. రెండు వైపులా ద్రవం ఒకే ఎత్తులో ఉంటే ఫ్యాన్ గాలి లాగడం లేదన్నట్టే.