కాసియో పీబీ-100 బాగు చేయాలా, షార్ప్ పీసీ-1500నా?

రెండూ బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసుకునే పాకెట్ కంప్యూటర్లే. షార్ప్ 1981లో, కాసియో 1982లో వచ్చాయి.

బ్యాటరీలు: కాసియోకి రెండు సీఆర్2032 బిళ్లలు చాలు, విశాఖ జగదాంబ సెంటర్ దగ్గర వాచీల కొట్లో అడగండి. షార్ప్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్.

అసలు టెన్షన్ ఇక్కడే. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన పెన్సిల్ సెల్స్ కారిపోతాయి. దానికి మన విశాఖ ఉప్పుగాలి తోడైతే స్ప్రింగులు చిలుమెక్కుతాయి. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరబెట్టాలి. చిలుము బోర్డు మీది రాగి గీతల దాకా పాకితే సన్నని వైరుతో అతకాలి. టంకం పెట్టడం బాగా అలవాటైతేనే ఆ పనికి దిగండి. నేనైతే బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, సెల్స్ తీసేసే ఉంచుతాను.

తెర: కాసియోలో 12 అక్షరాలు, షార్ప్‌లో 26. నల్ల మచ్చలు పాకిన తెరని బాగు చేయలేం, రెండింటిలోనూ అంతే.

మెమరీ: కాసియోలో 544 స్టెప్పుల (ప్రోగ్రాము నిల్వకి కొలత) చోటు, ఓఆర్-1 అనే అదనపు మెమరీ ప్యాక్ పెడితే 1,568. షార్ప్‌కి మెమరీ ప్యాక్‌లున్నాయి: సీఈ-151తో 4 కేబీ, సీఈ-155తో 8 కేబీ అదనం. పైగా సీఈ-150 అనే ప్రింటర్ తగిలిస్తే నాలుగు రంగుల పెన్నులతో బొమ్మలు గీస్తుంది, చూస్తుంటే ప్రాణం లేచివస్తుంది!

మొదటిసారి స్క్రూడ్రైవర్ పడుతున్నారా, కాసియో తీసుకోండి. టంకం చేతనై, మెమరీ పెంచుకుంటూ పోవాలనుంటే షార్ప్. అయితే కొనేముందు సెల్స్ అర మూత తెరిచి చూడండి.