నావూలో టికెట్ లేదు, కానీ అడిగితేనే చెబుతారు

ఇల్లినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డునున్న నావూకి వెళ్లేవాళ్లు ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. పందొమ్మిదో శతాబ్దంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖ మోర్మన్లది. వాళ్ల పాత ఇళ్లలో దేనికీ టికెట్ లేదు. బండి ఎక్కించి ఊరు తిప్పినా డబ్బు తీసుకోరు. ఇటుకల బట్టీ దగ్గర చిన్న ఇటుక, బేకరీలో అల్లం బిస్కెట్ చేతిలో పెట్టి పంపుతారు. ఇంత ఆదరంగా చూసేవాళ్లను బహుభార్యాత్వం లాంటి ఇరుకున పెట్టే ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి.

షికాగో నుంచి కారులో నాలుగున్నర గంటల దారి. రైలైతే నదికి అవతల అయోవాలోని ఫోర్ట్ మాడిసన్‌లో దిగాలి, అక్కడి నుంచి కారు లేకపోతే కష్టం. ఆదివారం పెట్టుకోకండి, చూడటానికి దొరికే సమయం తక్కువ. మిగతా రోజుల్లో పొద్దున్నే విజిటర్స్ సెంటర్‌కి వెళ్లి ముందు బండి సవారీ చీటీలు తీసుకోండి. అవి ఉచితమే, కానీ వేసవిలో త్వరగా అయిపోతాయి.

బస విషయంలో మాత్రం మోసపోయామనే చెప్పాలి. జులై, ఆగస్టుల్లో ఇక్కడ పేజెంట్ అనే పెద్ద ఆరుబయటి నాటకోత్సవం జరుగుతుంది, అదీ ఉచితమే. ఆ గిరాకీ చూసుకుని మేం దిగిన లాడ్జి వాళ్లు ఆన్‌లైన్‌లో రాత్రికి 109 డాలర్లు చూపించి, బిల్లులో శుభ్రం చేసినందుకంటూ 45, పన్ను 16.94 కలిపి 170.94 గుంజారు. దుప్పట్లలో ముక్కిపోయిన వాసన. ఏసీ మోతకి రాత్రంతా నిద్ర లేదు. ఇదేమిటని అడిగితే, కింద చిన్న అక్షరాల్లో ఉంది చదువుకోలేదా అన్నారు. పొద్దున టిఫిన్‌లో కాఫీ లేదు, టీ లేదు. 1833లో జోసెఫ్ స్మిత్ ప్రకటించిన ఆరోగ్య నియమం ప్రకారం ఈ మతస్తులు కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టరు. వాళ్ల నియమం వాళ్లది, తప్పు పట్టను. గది ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. మాతో వచ్చిన పెద్దవాళ్లు కాఫీ పడక మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాఫీ పొడి, చిన్న కెటిల్ వెంట ఉంచుకోండి. అసలు నావూలో దిగకుండా నది దాటి కియోకక్‌లోనో ఫోర్ట్ మాడిసన్‌లోనో గది తీసుకోవడం మేలు.

ఇక ఊరు. 1838 అక్టోబర్ 27న మిస్సోరీ గవర్నర్ బాగ్స్, మోర్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని ఆజ్ఞ ఇచ్చాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నది దాటినవాళ్లు ఈ బురదనేలను ఆరేళ్లలో పదివేల మందికి పైగా ఉండే పట్నంగా చేశారు. ఆ కష్టం గురించి గైడ్లు కళ్లకు కట్టినట్టు చెబుతారు. వీళ్లలో చాలామంది రిటైరైన దంపతులు, సొంత ఖర్చుతో వచ్చి సేవ చేస్తున్నవాళ్లు. పొయ్యి ఎలా రాజేసేవారు, పీపా ఎలా బిగించేవారు, ఇటుక ఎలా కాల్చేవారు అన్నీ చేసి చూపిస్తారు. వీళ్ల పనిని మెచ్చుకోకుండా ఉండలేం.

కానీ ఒక ఇంట్లో అరగంట సేపు నేత గురించి, రొట్టెల గురించి చెప్పిన గైడ్, బహుభార్యాత్వం గురించి అడగ్గానే పక్క గదిలోకి దారి తీశారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు, ఎందుకంటే మోర్మన్ చర్చే 2014లో తన అధికారిక వ్యాసంలో ఒప్పుకుంది: జోసెఫ్ స్మిత్ భార్యల సంఖ్య 30, 40 మధ్య ఉంటుందని జాగ్రత్తగా వేసిన అంచనా, వారిలో హెలెన్ మార్ కింబల్‌కు అప్పటికి పదిహేనేళ్లు నిండలేదు. ఆ వ్యాసం ఫోన్‌లో ఉంచుకుని అడగండి. మరో ఇంట్లో వేరే గైడ్ అదే ప్రశ్నకు కూర్చోబెట్టి, మొదటి భార్య ఎమ్మా పడిన బాధతో సహా నిదానంగా చెప్పారు. కాబట్టి ఒకరు తప్పించుకుంటే ఇంకొకరిని అడగండి.

జోసెఫ్ ఉన్న ఇల్లు మాన్షన్ హౌస్‌లో జేన్ మానింగ్ జేమ్స్ గురించి తప్పక అడగాలి. ఈ నల్లజాతి స్త్రీ 1843లో తనవాళ్లతో కలిసి దాదాపు 800 మైళ్లు నడిచి నావూ చేరి, జోసెఫ్ ఇంట్లోనే పనిచేసింది. తర్వాత మోర్మన్లు తరలిపోయిన యూటాలో, తనకూ ఆలయ సంస్కారాలు కావాలని ఏళ్ల తరబడి వేడుకుంటే, నల్లజాతి అన్న కారణంతో కాదన్నారు. 1908లో అలాగే కన్నుమూసింది. నల్లజాతివారిపై ఆ నిషేధం 1978లో గానీ తొలగలేదు.

మాన్షన్ హౌస్, జోసెఫ్ దుకాణం రెడ్ బ్రిక్ స్టోర్ 2024 మార్చి దాకా కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ చేతిలో ఉండేవి. జోసెఫ్ కొడుకు నాయకత్వంలో 1860లో నిలదొక్కుకున్న వేరే మోర్మన్ శాఖ అది. ఒహాయోలోని కర్ట్‌లండ్ ఆలయంతో సహా వీటిని యూటాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న ప్రధాన మోర్మన్ చర్చి 19.25 కోట్ల డాలర్లకు కొంది. సందర్శన రుసుము పోయింది, సంతోషమే. అయితే ఒకే చరిత్రను రెండు శాఖల నోట వినే వీలు కూడా దాంతో పోయింది. నాకు ఇది పెద్ద నష్టంగానే తోస్తుంది.

2002లో తిరిగి కట్టిన ఆలయంలోకి మనల్ని రానివ్వరు. సభ్యులకైనా అనుమతి పత్రం ఉండాలి. ఆవరణలో తిరగొచ్చు.

జోసెఫ్ హత్య జరిగిన కార్థేజ్ జైలు ఇక్కడికి ఇరవై నాలుగు మైళ్లు. వదలొద్దు. అక్కడికి వెళ్లేముందు ఈ వరస తెలిసుండాలి: చర్చితో విభేదించినవాళ్లు 1844 జూన్ 7న నావూ ఎక్స్‌పోజిటర్ పత్రికలో బహుభార్యాత్వం గుట్టు విప్పారు. జోసెఫే మేయరుగా ఉన్న నగర సభ 10న ఆ ప్రెస్సును ధ్వంసం చేయించింది. ఆ కేసులో లొంగిపోయిన జోసెఫ్‌ను, అన్న హైరమ్‌ను జూన్ 27న ముఖాలకు నలుపు పూసుకున్న మూక కాల్చి చంపింది. ఇల్లినాయ్ గవర్నర్ ఫోర్డ్ ఇచ్చిన రక్షణ హామీ నీటి మీద రాత అయింది. మరుసటి ఏడాది విచారణలో హత్య కేసు నిందితులు అయిదుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు. తూటా దిగిన తలుపు మేడ మీద గదిలో ఇప్పటికీ ఉంది. ప్రెస్సు సంగతి తెలియకుండా ఆ గదిలో నిలబడితే, హత్య కనిపిస్తుంది గానీ దానికి ముందు జరిగింది కనిపించదు.

సాల్ట్ లేక్ సిటీకి ఇప్పుడే పరుగెత్తకండి. అక్కడి ఆలయం మరమ్మతుల కోసం 2019 చివర మూతపడింది. 2027 ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు అందరినీ లోపలికి రానిస్తామని ప్రకటించారు. 1893లో ప్రతిష్ఠ జరిగాక ఇలాంటి అవకాశం ఇదే మొదటిసారి. యూటా యాత్ర ఆ నెలలకే పెట్టుకుని, గదులు ఇప్పుడే చూసుకోండి. బుక్ చేసే ముందు పన్నుతో, శుభ్రం ఖర్చుతో కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.