ఎనిమిదేళ్లుగా వాడుతున్న మా ఇంటి ఇన్వర్టర్

2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు చెన్నైలో, మా వేళచ్చేరి వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు. అమ్మకు ఆయాసం. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ ఉన్నా పెట్టే దారి లేక రాత్రంతా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. సంక్రాంతికి ఊరెళ్లి రాగానే 900 వీఏ (అది మోయగల లోడు) సైన్ వేవ్ (మామూలు కరెంటులాంటిదే ఇచ్చే రకం) ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే నిల్వ సామర్థ్యం) ట్యూబులర్ రకం బ్యాటరీ కొన్నాం. ఇన్వర్టర్ ఇప్పటికీ అదే.

గంటా రెండు గంటల కోతలకైతే దీనికి వంక పెట్టలేను. దుకాణంలో మాత్రం "ఎనిమిది గంటలు గ్యారంటీ" అన్నారు. ఆ లెక్క ఎవరింటికి వాళ్లు వేసుకోవాల్సిందే. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. చేతికొచ్చేది 1200 దాకా అనుకోండి. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు, రెండు ఎల్ఈడీ బల్బులు, వైఫై వేస్తే ఆరేడు గంటలకు సరి. తర్వాత 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాన్లు పెట్టించాం, అదే బ్యాటరీ పన్నెండు గంటలు దాటింది. నన్నడిగితే పెద్ద బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి.

మొదటి బ్యాటరీ నాలుగేళ్లకే పోయింది. బిగించిన కుర్రాడు ఫ్రిజ్ ప్లగ్గునూ ఇన్వర్టర్ లైనుకే కలిపేశాడు, మాకు చాలాకాలం తెలియలేదు. నేనూ డిస్టిల్డ్ వాటర్ సంగతి పట్టించుకోలేదు. బ్యాటరీ మూతల మీద నీటిమట్టం చూపే చిన్న ఫ్లోట్లు ఉంటాయి, ఎర్ర గీత కనిపిస్తే నీళ్లు తగ్గినట్టే. మేం చూసేసరికి ఆరు మూతల్లోనూ ఎరుపే. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. ఇప్పుడు రెండు నెలలకోసారి చూస్తాను. ఆ పొడి తేలినప్పుడల్లా స్విచ్ ఆపి, వేణ్ణీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి వాసెలిన్ రాస్తాను.

అసలు పరీక్ష 2023 డిసెంబరు 4న, మిచాంగ్ తుఫాను వానకు. వీధిలో నడుములోతు నీళ్లు. వీధిలో ఇళ్లకు కరెంటు పంచే పిల్లర్ బాక్సులు మునిగితే జనానికి షాక్ కొట్టకుండా ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్లే కరెంటు ఆపేస్తారు, నీళ్లు తీసేదాకా ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఇది గంటల్లో తేలదని అర్థమై ఆ సాయంత్రమే కట్టుదిట్టం చేసుకున్నాం. రాత్రికి అమ్మ గదిలో ఒక్క ఫ్యాను, ఒక్క బల్బు, రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాలు నెబ్యులైజర్. మిగతావన్నీ బంద్. మూడో రాత్రి దాటి, తెల్లవారుజామున బ్యాటరీ అయిపోతోందని బీప్ కొట్టింది. అప్పటిదాకా అమ్మకు మందు ఒక్కపూట కూడా తప్పలేదు. ఈ డబ్బాకు పెట్టిన ప్రతి రూపాయీ నాకు అక్కడే తిరిగొచ్చింది.

దీనితో కానివీ ఉన్నాయి. అపార్ట్‌మెంటు మోటారు, లిఫ్టు నడవవు. సంపులో వాననీళ్లు కలిశాయి, తాగడానికి ముందే పట్టుకున్న రెండు క్యాన్లే దిక్కయ్యాయి. ఫోన్ ఛార్జింగ్ ఉన్నా సిగ్నల్ లేదు, టవర్లకూ కరెంటు కావాలి కదా. కరెంటు ఫిర్యాదులు తీసుకునే విద్యుత్ బోర్డు సేవాకేంద్రం మిన్నగం నంబరు 94987 94987 కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాం.

ఇప్పుడు ఏటా అక్టోబరులో ఒక రాత్రి మెయిన్ ఆపేసి, ఇంటిని బ్యాటరీ మీదే నడిపి చూస్తాం. పోయినసారి రాత్రి తొమ్మిదింటికి ఆపితే పొద్దున ఎనిమిదిన్నర దాకా లాగింది.